యంత్రం రాయగలిగిన కాలంలో మనిషి సృజనకు విలువ ఎక్కడుంది?

"కళ్లు కాయలు కాచేలా" అని రాసి ఆపితే, తెలుగు వచ్చినవారెవరైనా తర్వాతి మాటను రెప్పపాటులో పూరిస్తారు: "ఎదురుచూశారు". ఆ పూరణకు ఆలోచన అక్కర్లేదు, ఏళ్ల తరబడి విన్న, చదివిన అలవాటు చాలు. అడిగిందే తడవుగా కథ, కవిత, ప్రసంగం రాసిచ్చే కృత్రిమ మేధ పనితీరుకు బీజం ఇలాంటి పూరణలోనే ఉంది. కాకపోతే అది చదివినంత ఏ మనిషీ ఒక జన్మలో చదవలేడు.

ఈ యంత్రం అందరి చేతుల్లోకి వచ్చాక, మనిషి సృజనకు ఇక విలువ ఉంటుందా అన్న ప్రశ్న పేరున్న రచయితలను, చిత్రకారులను, సంగీతకారులనే కాక, ఇప్పుడిప్పుడే కలం పడుతున్నవారిని కూడా కలవరపెడుతోంది. దీనిపై జరిగే వాదనల్లో ఒకరి మాట మరొకరికి తగలకుండా పోవడం తరచు కనిపిస్తుంది. "విలువ" అన్నప్పుడు ఒకరి మనసులో ఉన్నది ధర, మరొకరి మనసులో నాణ్యత, ఇంకొకరికి చట్టం ఇచ్చే హక్కు, వేరొకరికి ఆ పని చేసిన మనిషిలో వచ్చే ఎదుగుదల. ఈ నాలుగూ ఇన్నాళ్లూ చాలావరకు కలిసే నడిచాయి కనుక ఒకే మాటతో సరిపెట్టుకోగలిగాం. యంత్రం వచ్చి వాటిని విడదీసింది. ఎలా విడదీసిందో తెలియాలంటే ముందు దాని లోపల జరిగేదేమిటో చూడాలి.

తర్వాతి మాట కోసం జరిగే లెక్క

పెద్ద భాషా నమూనాకు, అంటే ఇలా రాసిచ్చే యంత్రానికి, శిక్షణ ఇచ్చేటప్పుడు, అపారమైన పాఠ్యాన్ని టోకెన్లు అనే చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి చూపిస్తూ, ప్రతిచోటా తర్వాతి ముక్క ఏదో ఊహించమంటారు. ఊహ తప్పినప్పుడల్లా లోపలి అంకెలు రవ్వంత సర్దుకుంటాయి. ఈ సర్దుబాటు లెక్కకు అందనన్ని సార్లు జరుగుతుంది. నేటి నమూనాలకు ఆధారమైన ట్రాన్స్‌ఫార్మర్ నిర్మాణం 2017లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన ఒక పత్రంతో వెలుగులోకి వచ్చింది. శిక్షణ ముగిశాక నమూనాలో మిగిలేది పుస్తకాల గిడ్డంగి కాదు, మాటలకూ మాటలకూ మధ్య ఉన్న సంబంధాలను మోసే వందల కోట్ల అంకెలు. అందువల్ల "అది కాపీ కొడుతోంది" అన్న ఆరోపణ ఉన్నదున్నట్టుగా నిలవదు. అలాగని పూర్తిగా కొట్టిపారేయలేం కూడా. శిక్షణలో పదే పదే ఎదురైన భాగాలను నమూనాలు యథాతథంగా అప్పజెప్పిన సందర్భాలున్నాయి.

రాసే సమయంలో నమూనా ప్రతి మాట దగ్గరా, తర్వాత రాగల మాటల్లో దేనికి ఎంత అవకాశముందో చూపే ఒక జాబితా తయారుచేసుకుంటుంది. మన ఉదాహరణలో "ఎదురుచూశారు" అన్నిటికన్నా పైన ఉంటుంది, "వెతికారు" కొంత కింద, "నిలబడ్డారు" ఇంకా కింద. జాబితాలో ఎంత కిందికి దిగి ఎంచుకోవచ్చో నిర్ణయించే మీటను టెంపరేచర్ అంటారు. దాన్ని బాగా తగ్గిస్తే అరిగిపోయిన వాక్యమే వస్తుంది. కొంత పెంచితే ఎవరూ ఊహించని పోలిక తగలవచ్చు. మరీ పెంచితే వాక్యం పొంతన తప్పుతుంది. అంటే కొత్తదనాన్ని పుట్టించడం యంత్రానికి పెద్ద పని కాదు. పుట్టిన కొత్తదనాల్లో ఏది పనికొచ్చేదో తేల్చడమే కష్టం. అందుకోసం తర్వాతి దశలో, రెండు జవాబులు చూపించి ఏది బాగుందో మనుషుల చేత చెప్పించి, ఆ ఇష్టాయిష్టాలకు అనుగుణంగా నమూనాను తీర్చిదిద్దుతారు. యంత్రానికి అభిరుచి ఉన్నట్టు మనకు అనిపించడంలో ఈ అరువు అభిరుచి పాత్ర చాలా ఉంది.

బొమ్మలు గీసే నమూనాల పద్ధతి వేరు. అవి అర్థంలేని చుక్కల గందరగోళంతో మొదలుపెట్టి, మనం ఇచ్చిన వర్ణనకు దగ్గరయ్యేలా అంచెలంచెలుగా దాన్ని శుభ్రం చేస్తాయి. సూత్రం మాత్రం అదే: ఇదివరకు చూసినవాటి నుంచి నేర్చుకున్న సంభావ్యత.

కొత్తగా ఉంటే సృజన అయినట్టేనా

బ్రిటిష్ పరిశోధకురాలు మార్గరెట్ బోడెన్ ఇచ్చిన నిర్వచనం ఈ చర్చల్లో ఎక్కువగా వినిపిస్తుంది. కొత్తగా ఉండాలి, ఆశ్చర్యపరచాలి, విలువైనదై ఉండాలి: ఈ మూడు లక్షణాలున్న ఆలోచననో వస్తువునో పుట్టించడమే సృజన అని ఆమె అంటారు. అందులో మూడు రకాలను కూడా గుర్తించారు. తెలిసినవాటినే ఎవరూ కలపని విధంగా కలపడం మొదటిది. ఒక పద్ధతి నియమాల లోపలే ఉండి ఇంతవరకు ఎవరూ తొక్కని మూలలకు వెళ్లడం రెండోది. ఆ నియమాలనే మార్చి, అంతకుముందు అనుకోవడానికి కూడా వీలులేనిదాన్ని సాధ్యం చేయడం మూడోది. మొదటి రెండింటిలో యంత్రం సామర్థ్యాన్ని ఇప్పుడు కాదనడం కష్టం. వివాదమంతా మూడోదాని చుట్టూ ఉంది.

ఈ వివాదం కొత్తదేమీ కాదు. చార్లెస్ బాబేజ్ ఊహించిన, నేటి కంప్యూటర్‌కు పూర్వరూపమైన విశ్లేషణ యంత్రం గురించి 1843లో ప్రచురించిన వివరణల్లో గణితవేత్త అడా లవ్‌లేస్, ఆ యంత్రం తనంతట తాను దేనినీ పుట్టించబోదని, ఎలా చేయించాలో మనకు తెలిసినదాన్నే చేసిపెడుతుందని రాశారు. 1950లో కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరైన అలన్ ట్యూరింగ్ ఈ అభ్యంతరాన్ని ఆమె పేరుతోనే ప్రస్తావించి, యంత్రాలు తనను తరచు ఆశ్చర్యపరుస్తూనే ఉన్నాయని బదులిచ్చారు.

2016 మార్చిలో దక్షిణ కొరియాలోని సియోల్ నగరంలో జరిగిన గో (నల్ల, తెల్ల రాళ్లతో బల్లపై ఆడే ఆట) పోటీ ఈ పాత వాదానికి కొత్త సాక్ష్యంగా నిలిచింది. డీప్‌మైండ్ సంస్థ తయారుచేసిన ఆల్ఫాగో, ప్రపంచ స్థాయి ఆటగాడు లీ సెడోల్‌తో ఆడిన రెండో ఆటలో వేసిన 37వ ఎత్తు చూసి వ్యాఖ్యాతలు మొదట పొరపాటనుకున్నారు. అలాంటి ఎత్తును మనిషి వేసే అవకాశం సుమారు 10,000లో ఒకటి మాత్రమేనని ఆ ప్రోగ్రామే లెక్కగట్టింది, అయినా వేసింది, ఆ ఆట గెలిచింది. నాలుగో ఆటలో లీ సెడోల్ వేసిన 78వ ఎత్తు యంత్రం అంచనాలను తలకిందులు చేసి ఆయనకు గెలుపునిచ్చింది. మొత్తం పోటీ 4-1తో యంత్రానిదే అయినా, ఆ ఒక్క ఎత్తును గో ప్రియులు నేటికీ తలుచుకుంటారు.

బోడెన్ చెప్పిన మూడు లక్షణాలూ 37వ ఎత్తులో ఉన్నాయి. దాన్ని సృజన కాదనడానికి నాకైతే కారణం కనిపించదు. అయితే గో ఆటలో విలువను తేల్చే కొలబద్ద నియమాల్లోనే ఉంది: గెలిస్తే మంచి ఎత్తు. కథకూ పాటకూ అలాంటి కొలబద్ద లేదు. అక్కడ ఏది గెలుపో నిర్ణయించుకోవడం కూడా సృజనలో భాగమే, ఆ నిర్ణయాన్ని ఇప్పటికీ యంత్రం చేత పని చేయించే మనిషే చేస్తున్నాడు.

అరువు తెచ్చుకోవడం నేరమా

"అది విన్నదాన్నే తిప్పి చెబుతోంది" అన్నది యంత్రంపై వచ్చే మరో అభ్యంతరం. మనిషి చేసేదీ అదే కదా అన్నది దానికి వచ్చే జవాబు. ఈ ప్రశ్నను మన అలంకారికులు, అంటే కావ్యశాస్త్రకారులు, వెయ్యేళ్ల కిందటే ఆలోచించి ఉన్నారు. దొంగ కాని కవి లేడని రాజశేఖరుడు నిర్మొహమాటంగా చెప్పి, ఏ రకం అరువు చెల్లుతుంది, ఏది చెల్లదు అని వర్గీకరించాడు. అంతకుముందే, తొమ్మిదో శతాబ్దంలో, ఆనందవర్ధనుడు రెండు కావ్యాల మధ్య ఉండే పోలికను మూడు విధాలుగా విడదీశాడు. అద్దంలో ప్రతిబింబంలా ఉండే పోలిక ఒకటి, మనిషికీ అతని చిత్తరువుకూ ఉండే పోలిక రెండోది, ఇద్దరు వేర్వేరు మనుషుల రూపాలు ఒకదాన్నొకటి పోలి ఉండడం మూడోది. మొదటి రెండింటినీ కవి వదులుకోవాలని, మూడోదాన్ని వదులుకోనక్కర్లేదని ఆయన తీర్పు. ఎందుకంటే మూడోదానిలో రూపం కలిసినా లోపల వేరే ప్రాణముంది.

ఈ విభజన నేటి చర్చకు ఆశ్చర్యకరంగా పనికొస్తుంది. నమూనా ఒక పుటను యథాతథంగా అప్పజెబితే అది ప్రతిబింబం. ఫలానా చిత్రకారుడి శైలిలో గీయమంటే గీసిచ్చేది చిత్తరువు. మూడో రకం దానికి సాధ్యమా అన్నదగ్గర ప్రాణం అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చి నిలుస్తుంది. మాటల కూర్పులోనే అది ఉందనుకుంటే యంత్రానికీ సాధ్యమే. ఆ మాటల వెనుక ఎవరో ఉండాలనుకుంటే కథ వేరు.

సైకిల్ సీటు కింది గుడ్డ

ఒక చిన్న ఉదాహరణ తీసుకుందాం. తండ్రిని పోగొట్టుకున్న స్నేహితుడికి నాలుగు మాటలు రాయాలి. యంత్రాన్ని అడిగితే ఇలాంటిది రావచ్చు: "మీ నాన్నగారి మరణవార్త నన్ను తీవ్రంగా కలచివేసింది. ఈ కష్టకాలంలో మీకు, మీ కుటుంబానికి మనోధైర్యం కలగాలని కోరుకుంటున్నాను." ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. మనుషులు కూడా తరతరాలుగా ఇలాగే రాస్తున్నారు.

మరొకరు ఇలా రాశారనుకోండి: "మీ నాన్నగారు సైకిల్ తుడిచే గుడ్డను నాలుగు మడతలు పెట్టి సీటు కింద దోపుకునేవారు. నిన్న నా బండి తుడుస్తూ గుడ్డను మూలకు విసరబోయి ఆగిపోయాను."

ఈ రెండో ఉత్తరం మొదటిదాని కంటే ఎందుకు కదిలిస్తుందో చెప్పమంటే, వివరం బాగుందని, నిర్దిష్టంగా ఉందని మొదట అనిపిస్తుంది. ఆ కారణం చాలదు. నిర్దిష్టంగా రాయమని అడిగితే యంత్రం కూడా ఒక గుడ్డను, ఒక గొడుగును, ఒక పాత కళ్లజోడును కల్పించి ఇవ్వగలదు. అక్షరం అక్షరం ఇవే వాక్యాలు రావడం కూడా అసాధ్యం కాదు. అప్పుడు మనిషి ఉత్తరానికీ యంత్రం ఉత్తరానికీ పాఠ్యంలో తేడా ఉండదు. అయినా ఆ గుడ్డను ఎవరూ చూడలేదని తెలిసిన క్షణాన స్నేహితుడికి ఆ ఉత్తరం చేదవుతుంది. చూసిన మనిషి రాసినప్పుడు ఆ వాక్యం సాక్ష్యం. తన తండ్రి మడత పెట్టే తీరు తనకే కాక మరొకరికీ గుర్తుందని దానివల్ల అతనికి తెలిసింది. యంత్రం కల్పించినప్పుడు అదే వాక్యం ఒక అల్లిక మాత్రమే.

యంత్రం ప్రధానంగా విడదీసింది దీన్నేనని నా అభిప్రాయం. ఇన్నాళ్లూ మంచి వాక్యం రాయగలగడం, ఆ వాక్యానికి పూచీ పడడం ఒకే మనిషిలో ఉండేవి. ఇప్పుడు పూచీ పడేవారు లేకుండానే మంచి వాక్యం దొరుకుతోంది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. కథకుడు కూడా గుడ్డను కల్పిస్తాడు కదా, కల్పన అంతా సాక్ష్యం ఎలా అవుతుంది? నిజమే, ఉత్తరానికి వర్తించిన కొలత కథకు అలాగే వర్తించదు. కథలో పాఠకుడు నమ్మేది ఫలానా గుడ్డ ఉందని కాదు. ఇలాంటి మడతలు పెట్టే మనుషులుంటారని, వాళ్లు పోయాక మిగిలేది ఇలాంటిదేనని రాసినవారికి తెలుసని నమ్ముతాడు. ఆ నమ్మకం అవసరమా, లేక పాఠ్యం దానంతటదే చాలునా అన్నదానిపై సాహిత్య విమర్శలో ఎంతోకాలంగా రెండు పక్షాలున్నాయి. రచయిత జీవితంతో సంబంధం లేకుండా రచనను రచనగానే చూడాలన్న పక్షం ఒప్పుకుంటే, యంత్రం రాసిన కవితను కూడా అదే తూకంలో తూచాల్సి వస్తుంది.

తెలియకుండా చదివినప్పుడు, తెలిసి చదివినప్పుడు

అలా తూచి చూసిన పరిశోధన ఒకటి 2024లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చింది. పేరుమోసిన 10 మంది ఆంగ్ల కవుల కవితలను, ఆ కవుల శైలిలో చాట్‌జీపీటీ రాసినవాటిని కలిపి 1,634 మందికి ఇచ్చి ఏది ఎవరిదో గుర్తించమన్నారు. సరైన జవాబులు 46.6 శాతం మాత్రమే వచ్చాయి, అంటే బొమ్మా బొరుసూ వేసినా అంతకన్నా మెరుగ్గా ఉండేది. పైగా సాధారణ పాఠకులు యంత్రం కవితలకే ఎక్కువ మార్కులు వేశారు. అవి సులువుగా అర్థమవుతాయని, అసలు కవుల కవితల్లోని క్లిష్టతను పాఠకులు యంత్రపు తికమకగా పొరబడ్డారని పరిశోధకుల వివరణ.

మరోవైపు, ఒకే చిత్రాన్ని మనిషి వేసినదని చెబితే ఎక్కువగా, యంత్రం వేసినదని చెబితే తక్కువగా జనం విలువ కడతారని 2023లో అదే పత్రికలో వచ్చిన మరో పరిశోధన చూపింది. దీన్ని యంత్రంపై దురభిప్రాయంగా చూసేవారున్నారు. సృష్టి వెనుక పడిన శ్రమ, ఉద్దేశం విలువలో న్యాయమైన భాగమేనని చూసేవారూ ఉన్నారు. గుడ్డ ఉదాహరణను ఒప్పుకున్నవారికి రెండో వాదన దగ్గరగా తోస్తుంది. కానీ వ్యాపార ప్రకటనకో, వస్తువు వెంట వచ్చే వాడకపు సూచనలకో ఈ వాదనను వర్తింపజేయలేం. అక్కడ ఎవరు రాశారన్నది ఎవరికీ పట్టదు.

ధర పడిపోవడం, విలువ పడిపోవడం

పనికి పట్టే శ్రమ తగ్గితే ధర తగ్గుతుంది. ఓదార్పుగా ఇక్కడ ఫోటోగ్రఫీ చరిత్రను గుర్తుచేస్తుంటారు. 1839లో డాగెర్ పద్ధతి ప్రపంచానికి వెల్లడైనప్పుడు చిత్రకళ పని అయిపోయిందన్న భయం పుట్టింది, తర్వాత చిత్రకారులు ఉన్నదున్నట్టు గీయడం అనే బరువు దించుకొని కొత్త దారులు తొక్కారు, 1874లో ఇంప్రెషనిస్టులనే కొత్త తరహా చిత్రకారుల మొదటి ప్రదర్శన జరిగింది. ఇదంతా నిజమే. అయితే చిన్న చిన్న ముఖచిత్రాలు గీసి బతికిన కళాకారుల వృత్తి ఆ మధ్యకాలంలో దాదాపు కనుమరుగైందన్న సంగతి ఈ కథ చెప్పేటప్పుడు జారిపోతుంటుంది. కళ బతకడం, కళాకారుడు బతకడం రెండూ ఒకటి కావు. పైగా కెమెరా, చిత్రకారుల బొమ్మలను చూసి నేర్చుకోలేదు. నేటి యంత్రం ఎవరి జీవనాన్ని తగ్గిస్తోందో వారి పని నుంచే నేర్చుకుంది.

అందుకే 2023లో అమెరికా చలనచిత్ర, టెలివిజన్ రచయితలు 148 రోజులు సమ్మె చేసినప్పుడు, కృత్రిమ మేధ ప్రధానాంశాల్లో ఒకటైంది. కుదిరిన ఒప్పందం యంత్రాన్ని నిషేధించలేదు. యంత్రం రాసినదాన్ని రచనగా లెక్కించి రచయిత పేరునూ పారితోషికాన్నీ తగ్గించకూడదని, రచయితకు ఇచ్చిన సామగ్రిలో యంత్రం పుట్టించినది ఉంటే ముందే చెప్పాలని షరతు పెట్టింది.

చట్టం గీతలు గీసిన చోట్లు

కాపీరైట్ కార్యాలయాలు, న్యాయస్థానాలు తత్వచర్చ ముగిసేదాకా ఆగలేవు కనుక తమకు తోచిన గీతలు గీస్తున్నాయి. అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023లో ఒక చిత్రకథ పుస్తకం విషయంలో తీసుకున్న నిర్ణయం చూస్తే ఆ గీత స్పష్టమవుతుంది. మిడ్‌జర్నీ అనే నమూనా గీసిన బొమ్మలకు రక్షణ లేదన్నారు. మనిషి రాసిన మాటలకు, బొమ్మలను ఎంచి వరుసలో పేర్చిన తీరుకు మాత్రం రక్షణ ఉందన్నారు. ప్రాంప్ట్ (యంత్రానికి మాటల్లో ఇచ్చే ఆదేశం) ఇచ్చినంత మాత్రాన ఫలితంపై తగినంత పట్టు ఉన్నట్టు కాదని అదే కార్యాలయం 2025 జనవరిలో వివరించింది. యంత్రాన్నే కర్తగా నమోదు చేయాలన్న కంప్యూటర్ శాస్త్రవేత్త స్టీఫెన్ థేలర్ వాదనను అప్పీలు కోర్టు 2025 మార్చిలో తోసిపుచ్చింది.

ఇతర దేశాల గీతలు వేరుగా ఉన్నాయి. బ్రిటన్ 1988 చట్టం, కంప్యూటర్ పుట్టించిన రచనకు అవసరమైన ఏర్పాట్లు చేసిన వ్యక్తిని కర్తగా చూస్తుంది. భారత చట్టం అలాంటి రచన పుట్టడానికి కారకుడైన వ్యక్తిని కర్త అంటుంది. ఈ రెండూ నేటి నమూనాలను ఊహించి రాసినవి కావు. ప్రాంప్టులను మార్చి మార్చి ఒక చిత్రాన్ని రాబట్టిన వ్యక్తికి బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు 2023 నవంబరులో హక్కు ఇచ్చింది.

నేర్చుకోవడానికి వాడిన పుస్తకాల మాట మరో తగువు. కృత్రిమ మేధ తయారుచేసే ఆంత్రోపిక్ సంస్థపై రచయితలు వేసిన దావాలో, కొన్న పుస్తకాలతో శిక్షణ ఇవ్వడం న్యాయమైన వాడకమేనని (అనుమతి లేకున్నా చట్టం ఒప్పుకునేదేనని), దొంగ ప్రతులను దించుకొని దాచుకోవడం అలా కాదని 2025లో న్యాయమూర్తి తేల్చారు. ఆ సంస్థ తర్వాత 150 కోట్ల డాలర్ల పరిష్కారానికి అంగీకరించింది.

ఒక్కొక్కరూ మెరుగై, అందరూ ఒకేలా

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆలోచన కలిగించేది 2024లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం. దాదాపు 300 మంది చేత చిన్న చిన్న కథలు రాయించారు. కొందరికి యంత్రం నుంచి ఆలోచనలు తీసుకునే వీలిచ్చారు. ఎవరికి ఏ వీలుందో తెలియని పాఠకులు వాటిని చదివి మార్కులు వేశారు. యంత్రం సాయం పొందిన కథలు విడివిడిగా మెరుగ్గా ఉన్నాయని తేలింది, ముఖ్యంగా సృజన తక్కువగా ఉన్న రచయితలు బాగా లాభపడ్డారు. కానీ ఆ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదాన్నొకటి ఎక్కువగా పోలి ఉన్నాయి.

దీని చిక్కు ఏమిటంటే, ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. తన కథ బాగుపడుతుంటే సాయం తీసుకోవద్దని ఒక రచయితకు చెప్పడానికి కారణం దొరకదు. నష్టం ఏ ఒక్కరి కథలోనూ కనిపించదు, మొత్తం కథల సంపదలో కనిపిస్తుంది. నమూనాలు పుట్టించిన పాఠ్యంతోనే మళ్లీ మళ్లీ నమూనాలకు శిక్షణ ఇస్తే, అరుదైన విషయాలు క్రమంగా రాలిపోయి నాణ్యత దిగజారుతుందని అదే ఏడాది నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. దాన్నిబట్టి చూస్తే జాబితాలో అడుగున ఉన్న మాటను కావాలని ఎంచుకునే మనుషులు యంత్రానికి కూడా అవసరమే.

అలాంటి మనిషి ఎలా తయారవుతాడన్నది మిగిలిన ప్రశ్న. కవికి ప్రతిభతో పాటు వ్యుత్పత్తి, అభ్యాసం కూడా కావాలని అలంకారశాస్త్రం చెబుతుంది. వ్యుత్పత్తి అంటే లోకాన్నీ శాస్త్రాలనూ చదివి సంపాదించిన ఎరుక. అభ్యాసం చాలామంది రచయితలకు చిన్న పనుల్లోనే జరిగింది: ప్రకటనకు రెండు వాక్యాలు, పత్రికకు ఒక అనువాదం, ఎవరో చెప్పిన కథకు సంభాషణలు. ఇవి గొప్ప రచనలు కావు, కానీ వాటికి డబ్బు ముట్టేది, తప్పులు దిద్దే పెద్దవారుండేవారు, పదో అనువాదం చేసేసరికి ఏ మాట అరిగిపోయిందో చెవికి తెలిసేది. యంత్రం మొదట చవక చేసింది సరిగ్గా ఈ పనులనే. అనుభవం ఉన్న రచయిత యంత్రం ఇచ్చిన పది వాక్యాల్లో తొమ్మిదింటిని కొట్టేసి ఒకటి ఉంచుకోగలడు, ఎందుకంటే ఆ తొమ్మిదింటి లాంటివి తానే ఒకప్పుడు రాసి, కొట్టేయించుకొని ఉన్నాడు. ఇవాళ మొదలుపెట్టేవారికి ఆ కొట్టివేతలు ఎవరి దగ్గర, ఎవరి ఖర్చుతో దొరుకుతాయో ఇప్పటికి ఏ ఒప్పందంలోనూ, ఏ చట్టంలోనూ రాసి లేదు.